డాక్టరు గారి పేరు మీద

జూలై 6, ఆదివారం

తొమ్మిదింటికి ఫోన్లో క్లాసు. సిగ్నల్ కోసం ఆసుపత్రి డాబా మీదికి కుర్చీ మోసుకెళ్ళాను. కేథలిక్ సిస్టర్ల యూనివర్సిటీ — ముందు ప్రార్థన. మైకు ఆపేసి తల వంచుతాను. ఎవరికి వంచుతున్నానో తెలీదు. అలవాటైంది.

నలభై నాలుగేళ్ళు. ఎమ్మెస్సీ నర్సింగ్ అయి పద్దెనిమిదేళ్ళు. ఇప్పుడు మళ్ళీ ఒక సర్టిఫికెట్ — డాక్టరు లేని చోట నర్సు తానే చూసి, తానే నిర్ణయించి వైద్యం చెయ్యడానికి. ఇన్నాళ్ళూ ఇక్కడ నేను చేసిందేమిటో మరి.

పాఠం చెప్పేది సిస్టర్ లిల్లీ. ఒకప్పుడు నా కిందే ట్రైనింగు. నరం దొరక్క ఏడుస్తుంటే చెయ్యి పట్టుకుని చూపించాను. ఇప్పుడు నా పేపర్లు దిద్దుతుంది. 'అక్కా, మీ రాత ఇంకా డాక్టర్ల రాతే' — అందరి ముందూ. నవ్వాను.

నెలాఖరుకి ఒక కేసు రాయాలి. మనం ఒక్కరమే తీసుకున్న నిర్ణయం. రిజిస్టరు పేజీ నకలు జతచెయ్యాలి.

జూలై 7, సోమవారం

వెతుక్కోనక్కర్లేదు. గొల్లపల్లి లచ్చయ్య, పోయిన నెల.

తెల్లారగట్ల మంచం మీద మోసుకొచ్చారు. కడుపునొప్పి అన్నారు. ఒంటి మీద కాటు లేదు, వాపు లేదు. రెప్పలు మాత్రం వాలిపోతున్నాయి. రాత్రి కింద పడుకున్నాడా అని అడిగాను. పడుకున్నాడు. కట్లపాము.

డాక్టరు గారు వచ్చేది గురువారం గురువారం. ఆ రోజు మంగళవారం. మూడు రోజులుగా టవరు లేదు. విరుగుడు పది సీసాలు ఎక్కించి, అప్పుడు భద్రాచలం పంపాను.

రెండు వారాలకి నడిచొచ్చాడు, వెదురు కొమ్ముల మూటతో. సూది గుచ్చడానికి జాగా మిగిల్చినవా నర్సమ్మా అని చేతులు చాపి చూపించాడు.

జూలై 8, మంగళవారం

రిజిస్టరు తీశాను. లచ్చయ్య పేజీ. నా రాతే — "డాక్టరు గారి ఫోన్ ఆర్డర్ ప్రకారం ఇచ్చాను." కింద ఆయన సంతకం.

టవరు లేని రోజు ఫోన్ ఆర్డరు.

ఇది పాత డాక్టరు గారు నేర్పిన పద్ధతి. 'చేసేది నువ్వు చెయ్యమ్మా, రాసేది నా పేరు రాయి. రేపు ఎవరన్నా అడిగితే నీ మీదికి రాదు.' మంచితనంతోనే అన్నారు. ఆయన రిటైరయ్యారు, నా చెయ్యి ఆగలేదు. కొత్తాయన గురువారం వచ్చి వరసగా సంతకాలు పెట్టేస్తారు.

వెనక్కి తిప్పుకుంటూ పోయాను. కాగితం ప్రకారం పద్దెనిమిదేళ్ళలో నేను నిర్ణయించింది ఏమీ లేదు.

జూలై 10, గురువారం

డాక్టరు గారు వచ్చారు. పదకొండు సంతకాలు. ఒక్కటీ చదవలేదు.

జూలై 13, ఆదివారం

క్లాసయ్యాక లిల్లీని అడిగాను — రిజిస్టర్లో ఒకటుండి, జరిగింది ఇంకొకటైతే? ఎవరి కేసని అడగలేదు. తెలివైన పిల్ల. ఒక గీత గీసి, పక్కన నిజం రాసి, తేదీ వేసి సంతకం పెట్టండి, అంతే అక్కా అంది.

అంతే.

జూలై 14, సోమవారం

లచ్చయ్య పేజీ మీద స్కేలు కూడా పెట్టాను. పెన్ను మూత తీశాక ఇంకో నాలుగు పేజీలు ముందుకు తిప్పాను. ఎందుకు తిప్పానో తెలుసు.

సమ్మక్క. రెండో కాన్పు. మొదటిది నా చేతుల మీదే, ఇక్కడే. మధ్యాహ్నం ఉమ్మనీరు పోయింది — లేత పచ్చగా, అంటే బిడ్డ లోపలే మలం పోసింది. లేతగానే. బిడ్డ గుండె బాగుంది. కల్వర్టు మీద వాగు పారుతోంది, కుంట పెద్దాసుపత్రికి చేరేసరికి జీపులోనే కాన్పవుతుందేమో… ఉంచుదాం అనుకున్నాను. అనుకున్నది నేను. నాలుగింటికి ఆడపిల్ల. ఏడవలేదు. మూతికి బ్యాగు పెట్టి ఊపిరి ఊదాను. నలభై నిమిషాలుండి పోయింది.

పంపుంటే బతికేదా? పుస్తకంలో ఆ చాప్టరు రెండుసార్లు చదివాను. రెండుసార్లకీ రెండు రకాలుగా అర్థమైంది.

బయట వాళ్ళత్త నిలబడి ఉంది. 'ఉంచుమన్నది ఎవరు బిడ్డా?' తిట్టలేదు, అడిగిందంతే. డాక్టరు గారు, అన్నాను. లోపలికొచ్చి అదే రాశాను.

ఆ రోజు టవరు పనిచేస్తూనే ఉంది. నేను ఫోనే చెయ్యలేదు. చెయ్యాలని తోచలేదు.

లచ్చయ్య పేజీ అబద్ధమని ఒప్పుకుంటే ఈ పేజీని ఎవరు నమ్ముతారు? అదే సిరా, అవే మాటలు. బతికినవాణ్ణి నా పేరు మీదికి తెచ్చుకుని, బతకనిదాన్ని ఆయన పేరు మీదే వదిలెయ్యనా.

పెన్ను మూత పెట్టేశాను.

జూలై 17, గురువారం

సమ్మక్క బిడ్డ గురించి పైనుంచి ఫారం వచ్చింది. డాక్టరు గారు నింపుతూ కూర్చున్నారు. ఇరవై ఎనిమిదేళ్ళు, రాయపూర్ వైపు మనిషి. తెలుగు రాదు, నన్ను దీదీ అంటారు. హిందీలో, తల ఎత్తకుండానే —

'మీరు ఆ రోజు ఫోన్ చేసింది నాకు గుర్తే రావట్లేదు దీదీ. దంతెవాడ మీటింగులో ఉన్నాను. హడావుడిలో ఉంచమని అనేసి ఉంటాను. నీళ్ళు ఏ రంగో కూడా అడిగి ఉండను.'

మీరు అనలేదని చెప్పాల్సింది. చెప్పడానికి ఒక్క మాట చాలు.

టీ తెమ్మంటారా అన్నాను.

ఆయన వెళ్ళాక ఫారం చూశాను. "నా సలహా మేరకే ఉంచారు" అని రాశారు. ఈసారి చదివే సంతకం పెట్టారు.

జూలై 18

నిద్ర బాగానే పట్టింది. అదే వింతగా ఉంది.

జూలై 20, ఆదివారం

క్లాసు చివర ఐదు నిమిషాలు మౌనం. చేసిన పనులన్నీ వెనక్కి తిరిగి చూసుకొమ్మంటారు. నాకు ఆ ఐదు నిమిషాలూ డాబా గచ్చు మీద చీమలే కనిపించాయి.

కేసు ఎంతవరకొచ్చిందని లిల్లీ మెసేజు. రాస్తున్నా అన్నాను.

జూలై 22, మంగళవారం

సమ్మక్క వాళ్ళత్త వచ్చింది. వెంట చిన్నకోడలు — ఐదో నెల. సమ్మక్క నాట్లకు పోయిందట. మంచిదే.

టేబుల్ మీద నా పుస్తకాలు చూసి, ఏంది, ఈ వయసుల నీకు బడేంది, ఫెయిలైతే కొడతరా అని నవ్వింది. నేనూ నవ్వాను. చిన్నదాన్ని చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కొంచెం రక్తం తక్కువ. ఎల్లుండి గురువారం డాక్టరు గారు ఉంటారు, ఒకసారి చూపిద్దాం పెద్దమ్మా అన్నాను.

ఆమె నవ్వు ఆపింది.

'ఆయన మాట ఇంటేనే గద ఆ పిల్ల పోయింది. ఆయనకు చూపియ్య. నువ్వెట్ల చెప్తె అట్ల ఇంటం. ఆయన లేని రోజేదో చెప్పు, గా దినం వస్తం.'

చిన్నది నా వైపే చూస్తోంది. నమ్మకంగా.

శుక్రవారం రమ్మన్నాను.

జూలై 23, బుధవారం

డాబా ఎక్కి డాక్టరు గారికి ఫోన్ చేశాను. రెండో రింగుకే ఎత్తారు. పాము మందు ఎన్ని సీసాలు తెస్తున్నారని అడిగాను. ఇరవై అన్నారు. ఇంకేమైనా ఉందా అన్నారు.

ఉందన్నాను.

చెప్పండి దీదీ అన్నారు. ఫోన్లో కాదు, రేపు — అన్నాను.

సరే, రేపు.

పుస్తకం చదవబోతే కళ్ళు ఆగట్లేదు. రేపు ఆయన పదింటికి వస్తారు. తొమ్మిదిన్నరకే వచ్చేస్తారు ఒక్కోసారి…