బావి మీద రాసిన ఇంగ్లీషు అర్జీ

మార్కాపురం,
9-3-1934.

ఊరి మునసబు, మా పెదనాయన గారికి నమస్కారం.

నేనిక్కడ క్షేమం. మీ చేత దెబ్బలు తిన్న కృపావరం ఎట్లున్నాడో మీరు రాయలేదు.

అతని కొడుకు, నా దగ్గర చదువుకునే విశ్వాసం, కలెక్టరు దొరకు పంపిన అర్జీ నేనే రాసిచ్చినానని మీ అనుమానం. కాదు. సెకండు ఫారం ఇంగ్లీషు పుస్తకంలో, పుట్టినరోజుకు గొడుగు పంపిన మేనత్తకు ఉత్తరం రాయమని ఉంది. మా పిల్లల్లో పుట్టినరోజు ఎప్పుడో తెలిసినవాడే లేడు. అందుకని, మీకు నిజంగా కావలసిందేదో అది ఇయ్యగలిగినవాళ్ళకు రాయండిరా అన్నాను. సర్కారు డబ్బుతో తవ్విన బావి మీ తోటలో ఉందనీ, వాళ్ళమ్మ కడవ పట్టుకొని, ఎవరైనా నీళ్ళు పోస్తారేమోనని పొద్దుగూకేదాకా దూరంగా నిలబడుతుందనీ వాడు రాసినాడు. ఆ ఇంగ్లీషు వాడిదే. నేను రెండు తప్పులు దిద్ది, స్టాంపు అంటించి, టపాలో వేసినాను.

మాలపల్లె పిల్లోడికి అంత ఇంగ్లీషు యాడిదని అడుగుతారా? నేర్పితే ఎందుకు రాదు? మీకు రాలేదని వాడికీ రాకూడదా?

బావి సంగతంతా అబద్ధమని వాడి చేతనే మళ్ళీ దొరకు రాయించకపోతే, ఆ ఇంటిల్లిపాదినీ ఊళ్ళోంచి వెళ్ళగొడతానని రాసినారు. మీ మాట వాడికి చెప్పినాను. వాడు కాగితం ముందు పెట్టుకొని, కలం సిరాలో ముంచి, "అబద్ధం రాసేటప్పుడు ఎట్ల మొదలుపెట్టాల అయ్యవారూ?" అని అడిగినాడు.

నాకు తెలీదు పెదనాయనా. మీరే వచ్చి నల్లబల్ల మీద రాసి చూపించండి.

మీ తమ్ముడి కొడుకు