చివరి మెట్టు మీద నీడ

అన్నయ్యా,

"కాగితం మీద గీసి ఇచ్చాక సైట్‌లో నీకేం పని?" అని నిన్న ఫోన్‌లో కసిరావు. ఆ పనేమిటో చెబుతాను, కోపం పక్కన పెట్టి చదువు.

మనం లైటింగ్ డిజైన్ చేసిన కంటి ఆసుపత్రిలో, మెట్ల పైన నేను గీసిన చోట లైట్లు లేవు. అక్కడ ఏసీ గొట్టం అడ్డొచ్చిందని ఎలక్ట్రీషియన్ వాటిని మూరెడు వెనక్కి జరిపాడు. అతణ్ణి అని లాభం లేదు. అడుగుదామంటే మనలో ఒక్కరూ అక్కడ లేరు. ఇప్పుడు గొట్టం నీడ సరిగ్గా చివరి మెట్టు మీద పడుతోంది.

నేను వెళ్లేసరికి ఇసుక మోసే ఆవిడ మోకాలు పట్టుకుని కింద కూర్చుని ఉంది. "మెట్లు అయిపోయాయనుకున్నానమ్మా, ఇంకోటుంది" అంది. ఆవిడ కళ్లు నిక్షేపంలా ఉన్నాయి. రేపు కంటికి కట్టుతో దిగేవాళ్ల సంగతేమిటి?

సోమవారం ఆ గొట్టం పైన సీలింగ్ మూసేస్తారట, వైర్లన్నీ లోపలికి పోతాయి. ఆ తర్వాత మార్చాలంటే తలప్రాణం తోకకొస్తుంది. అందుకే నీ పేరు చెప్పి పని ఆపించాను. గొట్టం కింద రెండు లైట్లు పెట్టించి, నేనే పదిసార్లు దిగి చూశాకే మూయిస్తాను. ఇకమీదట ప్రతి వారం సైట్‌కి వెళతాను.

తిట్టాలనుంటే ఇక్కడికే రా. ముందు ఆ మెట్లు దిగు, తర్వాత తిట్టు.

నీ చెల్లెలు