వెండి రంగు కింద

క్వార్ట్జ్‌సైట్, జనవరి 9

వెర్నన్ అన్నయ్యా,

కారు వెనక తగిలించుకునే ట్రైలర్ ఇంటితో పాటు నువ్విచ్చిన గ్యాస్ సిలిండర్‌కి పన్నెండేళ్లు నిండాయని ఇక్కడ నింపనన్నారు. ఇంకా వాడొచ్చని మళ్లీ ముద్ర వేయించుకుందామని, సిలిండర్లు తనిఖీ చేసే లొరెట్టా దగ్గరికి పట్టుకెళ్లాను. ఆవిడ దాన్ని బోర్లించి, అడుగున నువ్వేసిన వెండి రంగు గీకింది. తుప్పు పెచ్చులు పెచ్చులుగా రాలింది.

"మా అన్నయ్య స్వయంగా వేసిన రంగండీ!" అని ఎగిరాను.

"రంగు బ్రహ్మాండంగా వేశాడమ్మా. కింద ఇనుమేదీ?" అంది.

పొద్దున తన సొంత సిలిండర్‌ని కూడా పనికిరాదని అవతల పడేసిందట. అందుకే కాచుకోడానికి గ్యాస్ లేక ఆవిడ చేతిలో కాఫీ చల్లగా ఉంది. అలాంటి మనిషితో ఏమని పోట్లాడను? వెళ్లి కొత్తది కొనుక్కున్నాను.

నువ్విచ్చిన దాని జంట సిలిండర్ నీ పొయ్యికే తగిలించి ఉంది. దానికీ అదే రోజు రంగేశావు. ఇది చదివాక పొయ్యి వెలిగించకు. ముందు లొరెట్టాలాంటి మనిషిని వెతుక్కో.

నీ చెల్లి