కుడి మడ్‌గార్డు

నవంబరు 9, ఆదివారం

లేత్ బావకు,

నమస్కారం. ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వు వేళకి తింటున్నావో లేదో అడగమంది మీ చెల్లెమ్మ. అడిగాను. జవాబు నాకు కాదు, తనకే చెప్పుకో.

ఫోను ఉండగా ఉత్తరమేమిటని అనుకుంటావు. మన ఫోను సంగతి తెలిసిందే కదా. నువ్వు ఊఁ అంటావు, నేను ఊఁ అంటాను, ఉంటానని ఎవరో ఒకరం పెట్టేస్తాం. కాగితమైతే నేను కాస్త నోరు తెరుస్తాను.

ట్రాక్టరు పని చివరికొచ్చింది. అక్క పోయాక ఏడాదికి నువ్వు తాళం నా చేతిలో పెట్టి, అమ్ముకుంటావో, కోసి పాత ఇనుముకి వేసుకుంటావో నీ ఇష్టం, నా కంట మాత్రం పడనీయకు అన్నావు. నేను రెండూ చేయలేదు. పాత యంత్రాల ప్రదర్శనశాల వాళ్ళు అడిగితే, అక్క నడిపిన బండిని నలుగురూ చూస్తారు కదా అని ఒప్పుకున్నాను. వాళ్ళ షరతు ఒకటే. అరిగిపోయే చిన్నచిన్న భాగాలు తప్ప, ప్రతి ఇనుప ముక్కా కంపెనీలో పుట్టిందే అయి ఉండాలి. కొత్తవి కొని బిగిస్తే కుదరదు.

అందుకని ముందు జాలీ, బోల్టులు, పెడళ్ళు అన్నీ విప్పి బెల్లం నీళ్ళ డ్రమ్ములో నానేశాను. యాసిడ్ అయితే తుప్పుతో పాటు ఇనుమునీ తినేస్తుంది. బెల్లం నీళ్ళు నిదానం, కానీ తుప్పు జోలికే పోతాయి. షెడ్డు నిండా చీమలు. మీ చెల్లెమ్మ వచ్చి చూసి, పెళ్ళయిన దగ్గర్నుంచి ఈయన నోట ఒక్క తీపి మాట రాలేదు, ఇనుముకి మాత్రం బెల్లం తినిపిస్తున్నాడని సణుక్కుంటూ వెళ్ళిపోయింది. ఆ రోజు లెక్కల పుస్తకంలో ఊరికే బెల్లం అని రాస్తే మేం తిన్నామనుకుంటారని, ట్రాక్టరు తిన్న బెల్లం అని రాశాను.

బానెట్‌కి ఎడమ చెంప మీద సొట్ట ఉండేది, గుర్తుందా? ఇసుక సంచీ మీద బోర్లించి కొయ్య సుత్తితో తీశాను. సొట్ట నడిమధ్యలో కొట్టకు, అంచు నుంచి లోపలికి రా, రేకుకి తన పాత ఆకారం గుర్తుంటుంది, తొందరపెట్టకు అని నువ్వోసారి చెప్పావు. దానికి నిజంగానే గుర్తుంది. ఒక దెబ్బకి చిన్న చప్పుడుతో తనంతట తానే పైకి లేచి కూర్చుంది. పక్కన నువ్వున్నావేమోనని తల తిప్పి చూశాను.

మడ్‌గార్డులు కడుగుతుంటే పాత రోజులన్నీ కదిలాయి. కుడిదాని మీద నువ్వు కూర్చునే చోట రంగు పూర్తిగా పోయి ఇనుము తళతళలాడుతోంది. ఎడమదాని మీద కంపెనీ రంగు చెక్కు చెదరలేదు. సాయంత్రం లేత్ షాపు కట్టేసి నువ్వు రోడ్డు మీద నిలబడితే, అక్క పొలం నుంచి వస్తూ ఎక్కించుకునేది. అటువైపు ఎండ మొహాన కొడుతోందని నువ్వు గొణిగినా సరే, ఎడమవైపుకి రానిచ్చేది కాదు. పెళ్ళాం నడుపుతుంటే మొగుడు పక్కన మూటలా కూర్చున్నాడని టీ కొట్టు దగ్గర నవ్వేవాళ్ళు. నా డ్రైవరు జీతం కూడా అడగదు, మీ కడుపుమంట అందుకేనా అనేవాడివి నువ్వు. అక్క వినిపించుకోనట్టు హారన్ కొట్టేది.

సీటు మీద గోనెసంచి తీస్తే కింద ఇనుము దాదాపు కొత్తది. ఆ సంచీ మడత వేసుకోకుండా అక్క ఎప్పుడూ బండెక్కలేదు. ఎత్తు చాలక వేసుకుంటోందని నువ్వు ఏడిపించేవాడివి.

ఇక అసలు విషయం. మొన్న ప్రదర్శనశాల నుంచి పరీక్షకుడు వచ్చాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, ఒక్కో భాగాన్నీ వేలితో మీటి చూసి, మెచ్చుకుంటూ మెచ్చుకుంటూ క్లచ్ దగ్గర ఆగిపోయాడు. కంపెనీ పెడలుకి పైన, కూర్చున్న మనిషి వైపుకి వచ్చేట్టు నువ్వు వెల్డింగు చేసిన రెండో పెడలు ఉంది కదా, అది కంపెనీది కాదన్నాడు. కోసి నునుపు చేస్తే మచ్చ కూడా కనపడదు, అప్పుడు తీసుకెళతాం అన్నాడు. నీకు ఫోను చేశాను. ఆ రోజు నువ్వు ఊఁ కాకుండా అన్న మాట ఒకటే.

“కోసెయ్. తొక్కే మనిషే లేదు, ఆ ముక్కెందుకు?”

గ్రైండరు పట్టుకుని పెడలు ముందు కూర్చున్నాను. ఆన్ చేశాను. మళ్ళీ ఆపేశాను.

మీ పెళ్ళయిన కొత్తలో అక్క మొదటిసారి ఆ బండెక్కి, సీటు కొసకి జరిగి కూర్చుని క్లచ్ తొక్కటం నువ్వు షాపులోంచి చూశావు. పాపం కాలు అందటం లేదనుకున్నావు. షట్టరు సగం దించుకుని, వచ్చిన పనులన్నీ పక్కన పెట్టి ఈ పెడలు చేశావు. వెంట్రుకవాసి తేడా వస్తే ముక్క అవతల పారేసే మనిషివి, ఆ కాలి కొలత మాత్రం తీసుకోలేదు. కొత్త పెళ్ళాం కాలికి టేపు పెట్టటానికి సిగ్గేసి కంటి అంచనాతో కానిచ్చావు. కాలు జారకుండా దాని మీద ఉలితో గళ్ళు కూడా కోశావు. నీ చేతి పనుల్లో కొలత లేకుండా చేసింది అదొక్కటే అనుకుంటాను.

ఇంకో చిక్కు కూడా ఉంది. పెడలు ఇరుసుకి తొడిగిన కంచు బుష్ అరిగిపోయి, పెడలు అటూ ఇటూ ఊగుతోంది. ఆ సైజు ఇప్పుడు ఎక్కడా దొరకదు. కంచు కడ్డీ తెచ్చి ఉంచాను, కానీ దాన్ని లేత్ మీద తిప్పటం నీ చేతికి తప్ప కుదరదు. నీ లేత్ మీద దుప్పటి కప్పి ఉందని, షట్టరు తెరవటమే మానేశావని పక్క షాపు వెల్డరు చెప్పాడు. బావా, నిన్ను ఓదార్చటం నాకు చేతకాదు. పని చెప్పటం చేతనవును. పాత బుష్‌నీ కంచు కడ్డీనీ ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. కొలిచి, చేసి, నువ్వే తెచ్చి బిగించు. పై పెడలు కోయాలో ఉంచాలో అప్పుడు చూసి చెప్పు. చూడకుండా ఫోనులో అన్న మాట నేను లెక్కలో వేసుకోను.

ఉంటాను.

నీ బావమరిది

సంతకం పెట్టాక గుర్తొచ్చిందని అబద్ధం చెప్పను. రాయాలా వద్దా అని తేలక ఇంతసేపూ ఆగాను.

పెడలుని బెల్లం నీళ్ళలోంచి తీసి కడిగితే, కింద కంపెనీ ముక్క అరిగి అద్దంలా ఉంది. పైన నీ ముక్క మీద గళ్ళు నువ్వు కోసిన రోజున ఎలా ఉన్నాయో అలాగే వేలికి గుచ్చుకుంటున్నాయి. ఇన్నేళ్ళలో దాని మీద కాలు పడలేదు.

నాకది కడగక ముందే తెలుసు. అక్క నాకు బండి నేర్పిన రోజున నీ పెడలు తొక్కబోతే మోకాలు వెళ్ళి స్టీరింగుకి కొట్టుకుంది. ఇది నీకెలా సరిపోతోందే అని అడిగితే, టైరుకి ఆనుకుని కూర్చుని కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది. మొదటి రోజు సీటు ఎండకి కాలిపోతోందట. కూర్చోలేక ముందుకు జరిగిందట. అంతే. కాలు బ్రహ్మాండంగా అందేది. ఆ తర్వాతే గోనెసంచి వేసుకోవటం మొదలుపెట్టింది. మరి ఆ మాట బావకి చెప్పొచ్చు కదా అన్నాను.

“చేతులు కాల్చుకుని మరీ చేసి తెచ్చాడురా. నా కోసం చేసిన మొదటి వస్తువు. వద్దని ఎలా అంటాను? నువ్వు నోరు జారావో, మళ్ళీ ఈ బండి ఎక్కనివ్వను.”

క్లచ్ ఎడమవైపు కదా. ఎడమ మడ్‌గార్డు మీద కూర్చుంటే ఆవిడ కాలు ఏ పెడలు మీద ఉందో నీకు కనపడిపోయేది. అందుకే ఎండైనా వానైనా నీకు కుడివైపు.

నువ్వొచ్చేదాకా గ్రైండరు ప్లగ్గు పీకి పెట్టాను. బుష్ బిగించాక నేను నడుపుతాను. ఈసారి ఎడమవైపు కూర్చో. ఇంక దాచేదేమీ లేదు.