శుక్రవారం ఆరు గంటల వంతు

రైమో గారికి,

మన భవనం ఆవిరిస్నానాల గదికి వంతులు వేసేది మీరే కాబట్టి అడుగుతున్నాను, నా శుక్రవారం ఆరు గంటల వంతు ఇంకెవరికైనా ఇవ్వండి. నాకు మంగళవారం మధ్యాహ్నమైనా పరవాలేదు.

కారణం మీకు తెలుసు. నా తర్వాతి వంతు యార్కోది. తన కుక్కను మెట్ల దగ్గర కట్టొద్దన్నందుకు నా దవడ విరగ్గొట్టినవాడు. కోర్టు జైలుశిక్ష వేసి, ఆ వెంటనే దాన్ని నిలిపి ఉంచింది. మళ్లీ ఎవరినీ కొట్టకపోతే వెళ్లనక్కరలేదట. అతనికి ఉద్యోగం ఉందని, చిన్నపిల్ల ఉందని చూశారు. ఆ పిల్ల తండ్రికి దూరం కావాలని నేనూ కోరను.

కానీ ప్రతి శుక్రవారం నేను తడిజుట్టుతో బయటికి వచ్చేసరికి, తువ్వాలు భుజాన వేసుకుని నడవాలో నిలబడి ఉంటాడు. "ఆవిరి బానే ఉందా?" అంటాడు, ఏమీ జరగనట్టు. "బానే ఉంది" అంటాను. అంతకన్నా పొడుగు మాటకు దవడ ఇంకా తెరుచుకోదు.

మొన్న వంతు మార్చమని అడిగితే "జడ్జే ఇంటికి పంపాక నేనేం చెయ్యను? ఒకరికి మారిస్తే అందరూ వస్తారు" అన్నారు మీరు. నిజమే కావచ్చు.

తర్వాతివాళ్ల కోసం నీళ్ల బకెట్ నింపి రావడం మనకు అలవాటు కదా. తీర్పు వచ్చాక కూడా నింపే వచ్చాను. పోయిన శుక్రవారం మాత్రం మనసొప్పక ఒలకబోశాను. తలుపు తీయబోతూ ఆగి, వెనక్కి వెళ్లి మళ్లీ నింపాను. అతను కోపంతో మళ్లీ కొడితే జైలుకు పంపుతారు, తెలుసు. కానీ ముందు నేను ఆసుపత్రికి వెళ్లాలి.

మీ మూడో అంతస్తు పొరుగామె