పదివేల సార్లు వెతికిన పేరు

బావగారికి, మీ పాత కుర్చీలోంచి మరదలు రాస్తున్నది.

మీరు ఫోన్ ఎత్తరు కనక ఈ ఉత్తరం. మీరు మానేసిన ఉద్యోగం నా నెత్తిన పడింది. మీరు రాసిన ప్రోగ్రాం, ఆ పేర్ల హ్యాష్ టేబుల్, బంగారం. పేరు చెబితే ఏ గడిలో ఉందో లెక్కకట్టి నేరుగా అదే తెరుస్తుంది. అది సరిగ్గా పనిచేస్తోందా అని చూసే టెస్టులే నా ప్రాణం తోడేస్తున్నాయి. ఒకటైతే నలభై నిమిషాలు. ఒక పేరు చేర్చి, తీసేసి, ఉందా అని వెతుకుతుంది. అదే పని పదివేల సార్లు, ప్రతిసారీ టేబులంతా మొదటినుంచి నింపి. సున్నాలు పొరపాటున పడ్డాయా?

ఇట్లు, అది అయ్యేలోపు మూడు టీలు తాగే మరదలు.

తా.క.: పాప నా దగ్గర బాగానే ఉంది. నాన్న ఎప్పుడొస్తాడని అడగడం మానేసింది.

మరదలికి,

సున్నాలు లెక్కపెట్టే వేశాను. ఒక్కటి తగ్గినా ఊరుకోను. నీకు బద్ధకం చిన్నప్పట్నుంచీ ఉంది. మా పెళ్ళిలో కూడా పడుకునే ఉన్నావు.

బావ.

తా.క.: పాపకి చలికోటు పొట్టిదైపోయి ఉంటుంది. కొను.

బావగారికి,

పెళ్ళిలో నాకు జ్వరం.

టేబుల్ ఒక్కసారే నింపాను. ఇప్పుడు తొమ్మిది సెకన్లు. ఆ టెస్టు వెతికే పేరు మీరు అంకెల్లో రాశారు, ఇవాళ విప్పి చదివాను. అక్కది. టెస్టు రాసిన తారీఖు చూస్తే, అక్క చనిపోయిన వారమే.

ఇంకో టెస్టు రాశాను. రెండు పేర్లకీ లెక్క ఒకే గడికి తేలేలా చూసి ముందు అక్క పేరు, తర్వాత పాప పేరు చేర్చాను. గడి నిండింది కనక పాప పక్క గడిలోకి వెళ్ళింది. అక్కని తీసేసి పాపని వెతికితే లేదంది. మొదటి గడి ఖాళీగా కనబడగానే వెతకడం ఆపేసింది. పాప పక్కనే ఉంది, బావగారూ. పోయినదాన్ని పదివేల సార్లు వెతికారు. ఉన్నదాన్ని ఒక్కసారీ వెతకలేదు.

మీ మరదలు.

తా.క.: కోటు కొన్నాను. రంగు నచ్చలేదని అచ్చం మీ మొహం పెట్టింది.

మరదలికి,

నీ టెస్టు సరైనదే. నా కోడే తప్పు. తీసేసిన గడిని ఉత్త ఖాళీగా వదలకూడదు. ఇక్కడ ఒకరుండేవారని గుర్తు పెట్టాలి. అది చూస్తే వెతికేవాడు ఆగకుండా పక్క గడికి వెళతాడు. ఇరవై ఏళ్ళుగా తెలిసిన పని, ఆ వారం మర్చిపోయాను.

పదివేలు ఎందుకంటే, ఒక్కసారైనా తప్పి, ఉంది అంటుందేమోనని.

శనివారం పొద్దున బస్సుకి వస్తున్నాను. పాపకి చెప్పు.

బావ.

తా.క.: పాత టెస్టు పూర్తిగా తీసెయ్యకు. ఒక్కసారి వెతకనీ. చాలు.