పిలవలేకపోయిన పేరు

అమ్మకు నమస్కారాలు. నేను బాగున్నాను, మీ అల్లుడికే మడమ బెణికింది. ఆదివారం ఆయన పరుగెత్తాల్సిన రోలుగుంట పరుగుపందెం దారి ముందుగా చూద్దామని నిన్న ఇద్దరం బస్సెక్కాం. గెడ్డ దగ్గర బస్సు ఆగితే పందెంలో ఆ వాగు దాటేచోటు చూడ్డానికి ఆయన దిగారు. "ఇంకా ఎవులేనా ఎక్కాలేటమ్మా? పేరు సెప్పు, కేకేస్తాను" అన్నాడు కండక్టరు. అందరిలో మొగుడి పేరు ఎలా చెప్పను? వేలితో గెడ్డవైపు చూపించాను, అతను చూడలేదు. బస్సు కదిలింది. ఆయన వెనక పరుగెత్తి బండి గాడిలో పడ్డారు. "పేరు సెప్తే నా ఆయుష్షు తగ్గిపోద్దని కాలు ఇరగ్గొట్టీసేవేటే" అని నవ్వుతున్నారు గానీ, ఆదివారం పందెం పోయింది. నాకు అన్నం సహించడం లేదు. పందెం చూడ్డానికి నాన్నని రావద్దను. కాలికి నువ్వులనూనె పంపు. ఆవు ఈనిందా? ఆదివారం అందరూ పందేనికి పోతారు, ఇంట్లో మేమిద్దరమే. అప్పుడైనా ఆయన్ని ఒక్కసారి పేరుపెట్టి పిలిస్తే తప్పా అమ్మా? తమ్ముడికి నా దీవెనలు.

నీ కూతురు నూకాలు, చోడవరం